ఇల్లు చెప్పించుకోవడం

మా వృత్తిలో ఇల్లు పడగొట్టాం అనకూడదు. విప్పాం అనాలి. పడగొట్టేవాళ్ళు గునపాలతో వస్తారు, సాయంత్రానికి వాళ్ళకి దుమ్మూ ఇటుకముక్కలూ మిగులుతాయి. మేం విప్పితే దూలం దూలంగా, ద్వారబంధం ద్వారబంధంగా, చెక్కమేకులతో సహా చేతికి రావాలి. మా నాన్నకి ఈ మాట దగ్గర ఎంత పట్టింపంటే, ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన "ఫలానా ఇల్లు పడగొట్టారటగా" అంటే ఆయన చేతిలోని కాఫీ గ్లాసు వెనక్కి తీసేసుకున్నాడు. నాన్న పోయాక కలప అడితి అన్నయ్యకి వచ్చింది, ఆ పట్టింపు నాకు వచ్చింది. అడితి రావలసినవాడికే వచ్చిందని నలుగురూ అన్నారు. పట్టింపు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది మాకు. పాత ఇల్లు విప్పేముందు ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళెవరైనా మాతో గదిగదీ తిరగాలి. ఈ తలుపు ఎప్పటిది, ఈ దూలం ఎక్కడ విరిగితే ఎవరు అతికారు, ఈ స్తంభానికి ఆ గంటు ఎలా పడింది, అన్నీ చెప్పాలి. దాన్ని ఇల్లు చెప్పించుకోవడం అంటాం. దానివల్ల లోపల దాగిన ఇనుపమేకు రంపానికి తగలకుండా ఉంటుంది. పైగా కథ ఉన్న తలుపు, కథ లేని తలుపుకంటే ముందు అమ్ముడుపోతుంది. నాన్న ఈ పని ఇంటివాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే చేసేవాడు, అదీ చెప్పులు బయట విడిచి. ఆ ఎండాకాలం మేం వరస మార్చాం. ముందు చెప్పించుకున్నాం, ఒప్పుకోలు తరవాత చూసుకున్నాం. మేం అంటున్నాను గానీ, ఆ పని చేసింది నేను.

అప్పటికి నేను కాపురం వదిలేసి పుట్టింటికొచ్చి మూడేళ్ళు. అడితి వెనక గది నాది. చెక్కపొట్టు వాసన బాగానే ఉండేది, వదిన మాటలే పడేవి కావు. ఆవిడ నన్ను ఎదురుగా ఏమీ అనదు, నేను వినేలా అన్నయ్యతో అంటుంది. "ఈ ఇంట్లో చెదలు తిన్న తలుపులు కూడా ఎవడో ఒకడు కొనుక్కుపోతాడు, మీ చెల్లెలు మాత్రం కదలదు" అంది ఒకరోజు. అన్నయ్య నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఎందుకంటే మాట బాగా కుదిరింది. తరవాత గదిలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అన్నయ్య నన్ను అడితిలోకి పిలిచాడు. దూలాల మీద ఇద్దరం కూర్చున్నాం.

"ఆ సైన్సు టీచరమ్మ ఇల్లు తెలుసుగా? వీధి చివర, పెద్ద వసారా ఉన్నది."

"తెలుసు. చచ్చినా ఇవ్వనంటోందిగా ఆవిడ?"

"సగం వాళ్ళ తమ్ముడిది. వాడు ఎప్పుడో సరేనన్నాడు, బయానా కూడా తీసుకున్నాడు. ఆవిడే గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నేను వెళితే మొహం మీద తలుపేసింది. నువ్వెళ్ళు. నువ్వు అడిగితే రాళ్ళు కూడా మాట్లాడతాయి."

"నాకేంటి?"

ఆ మాట అంత సూటిగా నా నోట్లోంచి వస్తుందని అన్నయ్య అనుకోలేదు, నేనూ అనుకోలేదు. కాసేపు చెక్కపొట్టు కాలితో కెలికాడు. "ఆ ఇల్లు తెచ్చిపెట్టు. అడితిలో సగం నీ పేర రాస్తాను. బోర్డు మీద నీ పేరూ ఉంటుంది. ఇంక మీ వదిన నోరెత్తదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని వెళ్ళాను. టీచరమ్మ గుమ్మం ముందు గొంతుక్కూర్చుని భూతద్దంలోంచి తాళం కన్నంలోకి చూస్తోంది. యాభై అయిదేళ్ళుంటాయి. తల తిప్పకుండానే వేలు పెదవుల మీద పెట్టుకుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. కందిరీగ ఒకటి తాళం కన్నాన్ని మట్టితో పూడ్చేసి వెళ్ళిపోయింది.

"లోపల గుడ్లు పెట్టింది" అంది. "నెలరోజులైంది నేను తాళం వేసి. దొంగలకి తెలిస్తే పండగే."

"తెలియకపోతేనేం, తలుపు బార్లా తీసే ఉందిగా" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే నన్ను పైకీ కిందకీ చూసింది. "పాత కట్టడాల ఆఫీసు నుంచి వచ్చావా? పదకొండు ఉత్తరాలు రాశాను మీకు. ఈ ఇంటిని కాపాడండి మహాప్రభో అని. ఒక్కదానికీ జవాబు లేదు."

కాదండీ అంటే అయిపోయేది. ఆవిడ తలుపేసుకునేది, నేను వెనక గదికి వెళ్ళిపోయేదాన్ని. నోరు తెరిచాను. "ఇల్లు చూడ్డానికొచ్చానండీ. కాస్త మంచినీళ్ళిస్తారా?" అని అడిగాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆ తరవాత ఇరవై రోజులు రోజూ వెళ్ళాను. నాకు కలప తెలుసు. ముక్క వాసన చూసి చెట్టు చెప్పగలను, గోరుతో గీరి వయసు చెప్పగలను. కానీ నేను ఇంతకుముందు చూసినదంతా సరుకే. ఆవిడ నాకు చూడ్డం నేర్పింది. వంటింటి నేలకి పరిచిన పెంకుల్లో ఒకదాని దగ్గర కూర్చోబెట్టి, "చెయ్యి పెట్టు" అంది. వేళ్ళకి నాలుగు చిన్న గుంటలు తగిలాయి. కుక్కపిల్ల అడుగు. నూటపాతికేళ్ళ కిందట పెంకులు ఎండబెట్టినప్పుడు, పచ్చి పెంకు మీద నుంచి ఏదో కుక్కపిల్ల పరిగెత్తింది. "ఎవరో దాన్ని అదిలించి ఉంటారు. అదిగో, ఇక్కడ గోళ్ళు లోతుగా దిగాయి చూడు, భయపడి ఎగిరింది" అంది టీచరమ్మ. మా చేతుల్లోంచి ఇలాంటి పెంకులు ఎన్ని వేలు వెళ్ళాయో. అడుగు పడినవాటిని మేం పగుళ్ళున్నవాటిలో కలిపేసి తక్కువకి అమ్మేవాళ్ళం.

వీధి గుమ్మం పైన చెక్కిన ఆకుల వరస ఒకటి ఉంది. అన్నయ్య దాన్ని రోడ్డు మీంచి చూసే మోజుపడ్డాడు. టీచరమ్మ నన్ను ఎత్తుపీట ఎక్కించింది. "ఎడమ నుంచి ఏడో ఆకు చూడు." చూశాను. ఆ ఆకు అంచు వంకరటింకరగా ఉంది, మధ్యలో రెండు చిల్లులు. పురుగు తిన్న ఆకు. ఆ వడ్రంగి ఎవరో పురుగు తిన్న ఆకుని కూడా ఉన్నదున్నట్టు చెక్కాడు.

"తొమ్మిదేళ్ళప్పుడు కనిపెట్టాను దాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే పాడైందనుకుని బాగుచేయిస్తారని భయం. పెరట్లో ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ పురుగు వంశం కూడా ఉంది. ఏటా ఆకులు అలాగే తింటుంది" అంది.

నేను పీట మీద నుంచి దిగలేకపోయాను. అబద్ధం ఎందుకు, ఆ ఇరవై రోజులూ నా బతుకులో అంత సుఖంగా ఎప్పుడూ లేను.

నేనూ ఆవిడకి కొన్ని చెప్పాను. వసారాలో ఎనిమిది స్తంభాలున్నాయి. కణుపులు ఎటు వాలాయో చూపించి, చెట్టు నేలలో ఎలా నిలబడిందో స్తంభాన్నీ అలాగే నిలబెట్టారని, మొదలు కిందకీ కొస పైకీ అని చెప్పాను. ఒక్కటి మాత్రం తలకిందులుగా ఉంది. "ఏ పని దొంగో, లేక కోపమొచ్చిన పనివాడో" అన్నాను. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, "యాభై ఏళ్ళుగా దానికే ఆనుకుని కూర్చుంటున్నాను, నాకిప్పటిదాకా తెలియలేదు!" అంది. ఆ రోజంతా దాని చుట్టూనే తిరిగింది.

కొలతలు తీసుకోవాలన్నాను. ఆఫీసుకి జాబితా కావాలన్నాను. అదే నా మొదటి నిఖార్సయిన అబద్ధం. టేపు ఒక కొస ఆవిడే పట్టుకుంది. ప్రతి దూలానికీ, ప్రతి వాసానికీ సుద్దముక్కతో అంకె వేశాను. పై నుంచి కిందకి, విప్పే వరసలో. అడితి పిల్లాడెవడైనా చూసి ఉంటే ఆ అంకెలు దేనికో ఇట్టే చెప్పేసేవాడు. ఆవిడ మాత్రం "నీ చేతిరాత ముత్యాల్లా ఉంది. బడిలో ఉంటే నల్లబల్ల నీకే అప్పగించేదాన్ని" అంది.

ఒకరోజు టీ తాగుతూ నా సంగతి అడిగింది. చెప్పాను. మొగుడి సంగతి కొంచెం, వదిన సంగతి ఎక్కువ. తలుపుల మాట చెబితే ఆవిడ నవ్వలేదు.

"ఇక్కడికొచ్చెయ్" అంది. "తూర్పు గది ఖాళీగానే ఉంది. తమ్ముడు ఎలాగూ ఇంకెక్కడో కట్టుకుంటాడు. మనిద్దరం ఉందాం. నీకు కలప తెలుసు, నాకు పురుగులు తెలుసు. ఈ ఇంటికి ఇంతకంటే ఏం కావాలి?"

ఆ మాటకి కరిగిపోయానంటే నమ్మాలి. కరిగిపోయి, మళ్ళీ గట్టిపడ్డాను. ఒకరిచ్చిన గదిలోంచి ఇంకొకరిచ్చిన గదిలోకి మారడమేగా అనిపించింది. టీచరమ్మ ఇచ్చేది గది. అన్నయ్య ఇచ్చేది సగం. మూడేళ్ళుగా ఒకరి దయ మీద తిని తిని, దయ అనే మాటంటేనే నాకు కంపరం పుట్టేది. "చూద్దాంలెండి" అన్నాను.

ఆ శనివారం జాబితా మూడు ప్రతులు తీసుకెళ్ళాను. అన్నయ్య తరఫు ప్లీడరు టైపు చేయించాడు. మూడో ప్రతిలో ఆఖరి కాగితం మాత్రం జాబితా కాదు. తమ్ముడితో పాటు తన వాటా కూడా అమ్మడానికి సమ్మతమేనని అందులో ఉంది. టీచరమ్మ మొదటి ప్రతి మొదటినుంచి చివరిదాకా చదివింది. ఎర్రకలంతో రెండు తప్పులు దిద్దింది. ఏడో ఆకు గురించి ఒక వాక్యం చేర్చింది. ప్రతి కాగితం కింద సంతకం పెట్టింది.

"మిగతావీ ఇవేనా?"

"ఇవేనండీ."

"నువ్వు చదివావుగా?"

"చదివాను."

రెండో ప్రతి సంతకాలు చేసింది. మూడోది చేసింది. బడిలో మార్కుల కార్డుల మీద పెట్టినట్టు, గబగబా, ప్రతి అక్షరం నిలువుగా. ఆఖరి కాగితం మీద సిరా కాస్త చెదిరితే నేను నోటితో ఊది ఆరబెట్టాను. లేచి వస్తుంటే, "రేపు ఆదివారం, రావద్దులే, కాస్త పడుకో. కళ్ళు లోపలికి పోయాయి" అంది.

పదిరోజులకి టీచరమ్మ అడితికి వచ్చింది. తమ్ముడు చెప్పి ఉంటాడు. వదిన కుర్చీ వేసింది, కూర్చోలేదు. అన్నయ్య మాటలు కూడగట్టుకుంటుంటే అతని వైపు చూడనైనా చూడలేదు.

"ఆ కాగితం రాసింది నువ్వా?" అని నన్నడిగింది.

"ప్లీడరు రాశాడండీ."

"ఇచ్చింది?"

"నేనే."

"సరే" అంది.

అన్నయ్య ముందుకొచ్చి, "మీ వాటా మీకు దమ్మిడీ తగ్గకుండా వస్తుందమ్మా. కోర్టులూ అవీ అంటే అందరికీ తలనొప్పి" అన్నాడు. లోపల వణుకుతున్నాడని నాకు తెలుసు. కోర్టుకెళితే ఆ కాగితం నిలవదని ప్లీడరు ముందే చెప్పాడు.

"ముప్ఫై ఏళ్ళు పిల్లలకి అదే చెప్పాను. ప్రశ్న పూర్తిగా చదవకుండా కలం ఎత్తొద్దని. ఇప్పుడు నలుగురి ముందుకెళ్ళి, నేను చదవలేదండీ అని ఏ మొహంతో చెప్పను? సంతకం నాదే" అంది. వెళ్ళిపోయింది. అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ అభిమానమే మాకు అక్కరకొచ్చింది. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. అయినా మూడోనాడు రిజిస్ట్రారు దగ్గరకెళ్ళి అడితిలో నా సగానికి సంతకం పెట్టొచ్చాను. ప్రతి కాగితం చదివి మరీ పెట్టాను.

బోర్డు మీద నా పేరు ఎక్కింది. వదిన మొదటిసారి నన్ను ఎదురుగా పలకరించి, "టీ పెట్టనా?" అని అడిగింది.

ఇల్లు విప్పడం మొదలుపెట్టేనాటికి ఎండలు చివరికొచ్చాయి. పడమర మబ్బులు కమ్ముకుంటున్నాయి. ఈ పనిలో వానొక్కటే మాకు శత్రువు. కప్పు తీశాక వాన పడితే కలప ఉబ్బి, అతుకులు పట్టేసి, చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. వీధి గుమ్మం, లోపలి తలుపులు ముందురోజే తీసేశాం. ఆ పొద్దున కప్పు మొదలు. కూలీలు ఆరుగురు నిచ్చెనలు వేసి, తూర్పు చూరు దగ్గర మొదటి వరస పెంకులు ఎత్తుతుంటే టీచరమ్మ వచ్చింది. అద్దెగది తీసుకుని నాలుగు వీధుల అవతల ఉంటోందని విన్నాను. చేతిలో గొడుగు ఉంది. తిన్నగా నిచ్చెన దగ్గరకెళ్ళింది.

"అక్కడ ఆగండి బాబూ. ఆ చూరులో గోరింక పిల్లలున్నాయి. నాలుగు. ఈకలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి."

కూలీ పెంకు జరిపి చూశాడు. "ఉన్నాయండీ" అన్నాడు. పసుపుపచ్చ నోళ్ళు నాలుగూ ఒక్కసారి తెరుచుకున్నాయి, వాడేదో మేత తెచ్చాడనుకుని.

అన్నయ్య వచ్చాడు. టీచరమ్మ అతనితో మర్యాదగానే మాట్లాడింది. "ఇల్లు అడగడానికి రాలేదు. పదిరోజులు ఆగండి, చాలు. పది పన్నెండు రోజుల్లో ఎగిరిపోతాయి. ఆ మూల ఒక్కటీ వదిలేసి మిగతాది చేసుకున్నా సరే."

మూల వదిలితే కుదరదు. ఆ మూలనున్న దూలం మీద నేను వేసిన అంకె ఒకటి. అది కదిలితేనే మిగతావి వస్తాయి. ఆ వరస వేసింది నేనే.

అన్నయ్య తల గోక్కున్నాడు. మబ్బు వైపు చూశాడు, కూలీల వైపు చూశాడు, తరవాత నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఇప్పుడు సగం నీదేగా."

ఆరుగురు కూలీలూ నన్నే చూస్తున్నారు. టీచరమ్మ కూడా అప్పుడే నావైపు తిరిగింది. ఆ రోజు అడితిలో మాట్లాడాక మళ్ళీ మాట్లాడడం అదే.

"మీ అన్నయ్యకి కనపడదు. ఆయన్ని నేనేమీ అనుకోను" అంది. "నీకు కనపడుతుంది. నేను చూశానుగా నిన్ను, ఆ పీట మీద. నీకు కనపడుతుంది."

బతిమాలుతున్నట్టు లేదు. తిడుతున్నట్టూ లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. అదే నాకు అరికాలి మంట నెత్తికెక్కించింది. ఆవిడ తిట్టి ఉంటే ఆగమనేదాన్నేమో. ఆపమని ఒక్క మాటంటే అన్నయ్య ఇంటికెళ్ళి ఏమంటాడో నాకు తెలుసు. ఆడదానికి సగమిస్తే ఇంతే, పిట్టల కోసం పని ఆపింది అంటాడు. వదిన దానికి ఇంకో నాలుగు చేరుస్తుంది. మళ్ళీ వెనక గదిలో తలుపేసుకుని ఏడవాలి. బోర్డు మీద పెయింటు ఇంకా వాసన కొడుతోంది.

"వానొస్తుంది. కానివ్వండి" అన్నాను.

కూలీ గూడుని గూడుగానే తీసి బుట్టలో పెట్టి దించాడు. టీచరమ్మ బుట్ట తీసుకుని పెరటి గోడ దగ్గర కూర్చుంది. తల్లిపిట్ట తన దగ్గరికి రాదని ఆవిడకి తెలుసు. తను మేత పెట్టినా ఆ పిల్లలు బతకవని కూడా తెలుసు. సైన్సు టీచరు కదా. దూలం దిగింది. తరవాత అంకె రెండు, మూడు. అన్నీ ఒక్క పగులు లేకుండా వచ్చాయి. నాన్న ఉంటే మెచ్చుకునేవాడు.

పెద్ద గోరింకలు రెండూ సాయంత్రం దాకా వస్తూనే ఉన్నాయి. నోట్లో పురుగుతో వచ్చి, చూరు ఉండిన ఎత్తులో, ఏమీ లేనిచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడేవి. నిలబడలేక వెళ్ళేవి. మళ్ళీ వచ్చేవి. కూలీలు మొదట నవ్వారు, తరవాత అటు చూడ్డం మానేశారు. బుట్టలో చప్పుడు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. టీచరమ్మ లేచి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, గొడుగు తీసుకుని, నా పక్కనుంచే వెళ్ళింది. నన్ను చూడలేదు. బుట్ట అక్కడే ఉంది.

ఆ రోజు వాన పడలేదు. తరవాతి పదకొండు రోజులూ పడలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి భోజనాలకి కూర్చున్నాం, అన్నయ్య పిల్లలు నా పక్కన. వదిన ముందు నాకు వడ్డించింది, తరవాత అన్నయ్యకి. అన్నయ్య ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"నువ్వు ఆపమంటావనుకున్నాను" అన్నాడు.

"ఏంటి?"

"అందుకే నిన్నడిగాను. నా నోటితో ఆపితే కూలీల దగ్గర చులకనైపోతాను. నువ్వంటే, ఆడకూతురు, జాలిపడింది అనుకుంటారు. పదిరోజులేగా. పైన టార్పాలిన్ కప్పేవాళ్ళం." కంచంలోకి చూస్తూ మాట్లాడుతున్నాడు. "నేనైతే ఆగేవాణ్ణే."

వదిన నావైపు ఒకసారి చూసి, నేను అడక్కుండానే నా కంచంలో ఇంకో గరిటె వడ్డించి, పిల్లల్ని నా పక్కనుంచి లేపుకుని గబగబా లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.